పడిపోయిన పెన్సిల్

పైలట్ లైసెన్సు పరీక్షలో ఒక చిన్న నాటకం ఉంటుంది. విమానం బాగా నెమ్మదిగా, ఇంకాస్త తగ్గితే రెక్కలు మోయలేవనే వేగంలో ఎగురుతూ ఉంటుంది. అప్పుడు పక్కసీటులోని ఎగ్జామినర్ చేతిలోంచి పెన్సిల్ జారిపోతుంది. "అరే, పెన్సిల్ పడిపోయింది, కాస్త తీసిస్తావా?" అంటాడు. అది పొరపాటున పడింది కాదు. స్టాల్, స్పిన్ శిక్షణ గురించి అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ రాసిన సూచనల పత్రంలోనే ఆ పెన్సిల్ ఉంది. దాని పక్కన ఇంకొన్ని ఉన్నాయి: గడియారం సరిచెయ్యమనడం, వెనకసీటులోది ఏదో అందుకోమనడం, మ్యాపులో ఫలానా ఎయిర్‌పోర్టు ఏ దిక్కున ఉందో చెప్పమనడం, బయటి ఉష్ణోగ్రత చదవమనడం. అన్నీ మర్యాదగా అడిగే పనులే, పైలట్ ఎప్పుడో ఒకప్పుడు చెయ్యాల్సిన పనులే. పెన్సిల్ కోసం వంగిన అభ్యర్థి తల ఎత్తేసరికి వేగం ఎంతకు పడిపోయిందన్నదే అసలు ప్రశ్న.

తెలుగువాళ్ళకు ఈ ఎగ్జామినర్ కొత్తవాడేం కాదు. అష్టావధానంలో అప్రస్తుత ప్రసంగానికి కూర్చునే పృచ్ఛకుడి పనీ ఇదే. అవధాని దత్తపదికి మూడో పాదం అల్లుతుంటాడు, నిషిద్ధాక్షరిలో ఒక అక్షరం దాటితే మరొకటి అడ్డం వస్తుంటుంది. సరిగ్గా అప్పుడు ఈయన నింపాదిగా పొద్దున తిన్న వంకాయకూర సంగతి ఎత్తుతాడు. అవధాని నవ్వొచ్చేలా జవాబు చెప్పాలి, చెప్పి, వదిలేసిన అక్షరం దగ్గరికే తిరిగి రావాలి. రాలేకపోతే సభ నవ్వుతుంది, కాసేపటికి మరిచిపోతుంది.

చిన్న విమానాల్లో ఇలా తిరిగి రాలేక జరిగిన ప్రమాదాల గురించి గత యాభై ఏళ్ళలో పోగైనదంతా ఒకచోట పెట్టి చదువుతుంటే నాకు ముందుగా అనుమానం వచ్చింది మనం వాడే మాట మీద. పైలట్ ధ్యాస తప్పింది అంటాం. ధ్యాస తప్పినవాడంటే కిటికీలోంచి మబ్బులు చూస్తూ కూర్చున్నవాడు మనసులో మెదులుతాడు. దర్యాప్తుల్లో కనిపించే మనిషి అలా ఉండడు. అతని ధ్యాస ఎక్కడికీ పోలేదు, ఒకచోట ఇరుక్కుంది. పరధ్యానం అన్న మాటే నయం, అందులో ధ్యానం ఉంది. ద్రోణుడు పెట్టిన పరీక్షలో అర్జునుడికి చెట్టు కనపడలేదు, కొమ్మ కనపడలేదు, పిట్ట కన్ను ఒక్కటే కనపడింది. విలుకాడికి అది పట్టాభిషేకం. విమానం నడిపేవాడికి అంతకన్నా ప్రమాదకరమైన చూపు లేదు.

దీనికి పాఠ్యపుస్తకంలా చెప్పుకునే ఉదాహరణ పెద్ద విమానానిది. 1972 డిసెంబరు 29 రాత్రి ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ 401 మయామీలో దిగబోతుండగా ముందు చక్రం సరిగ్గా దిగిందని చెప్పే చిన్న దీపం వెలగలేదు. 2000 అడుగుల ఎత్తులో ఆటోపైలట్ మీద ఉంచి, కాక్‌పిట్‌లోని అనుభవజ్ఞులంతా ఆ దీపం చుట్టూ చేరారు. ఒకరు బల్బు ఊడదీసే పనిలో ఉంటే, ఇంకొకరు చక్రం చూడడానికి కిందకి దిగారు. ఈలోగా ఎత్తు నిలిపే ఆటోపైలట్ అమరిక ఎవరికీ తెలియకుండానే తప్పుకుంది. విమానం మెల్లగా, ఎవరినీ కుదపకుండా, ఎవర్‌గ్లేడ్స్ చిత్తడినేలల్లోకి దిగిపోయింది. 176 మందిలో 101 మంది పోయారు. కాలిపోయింది బల్బు మాత్రమే, చక్రం సరిగ్గానే ఉంది. ఆరేళ్ళ తరవాత పోర్ట్‌లాండ్‌లో యునైటెడ్ 173 కూడా చక్రాల సమస్యతోనే గంటసేపు చక్కర్లు కొట్టి, ఇంధనం అయిపోయి కూలింది. అక్కడ 10 మంది చనిపోయారు. కాక్‌పిట్‌లో మనుషులు పనులు పంచుకోవడం నేర్పే శిక్షణ ఆ ప్రమాదాల పుణ్యమే.

మాటల వల్ల జరిగిన ప్రమాదాలు వేరే ఉన్నాయి. 1974లో షార్లెట్ దగ్గర పొగమంచులో దిగుతూ ఒక ఈస్టర్న్ విమానం రన్‌వేకి ముందే నేలను తాకింది, 70 మందికి పైగా చనిపోయారు. చివరి నిమిషాల్లో పైలట్లు రాజకీయాలు, పాత కార్ల అమ్మకాలు మాట్లాడుకుంటున్నారని రికార్డరు చెప్పింది. 1981లో ఎఫ్ఏఏ తెచ్చిన 'స్టెరైల్ కాక్‌పిట్' నిబంధనకు మూలం ఇలాంటివే. పది వేల అడుగుల కింద, నేల మీద విమానం కదులుతున్నప్పుడు, ఎగిరేటప్పుడు, దిగేటప్పుడు, పనికి సంబంధం లేని మాట గానీ పని గానీ ఉండకూడదని దాని సారాంశం. మన దగ్గర 2023 హోలీ రోజున ఢిల్లీ నుంచి గువాహటి వెళ్ళే విమానంలో ఇంజన్ లివర్ల దగ్గర మూతలేని కాఫీ కప్పు పెట్టుకుని, గుజియాలు తింటూ ఫొటో దిగిన పైలట్లను స్పైస్‌జెట్ విధుల నుంచి తప్పించింది. చూసి నవ్వుకున్నవాళ్ళున్నారు. కాఫీ ఒలికితే ఏ మీటల మీద పడుతుందో తెలిసినవాళ్ళు నవ్వలేదు.

ఇక్కడే శిక్షణ విమానం కథ పెద్ద విమానం కథతో విడిపోతుంది. స్టెరైల్ కాక్‌పిట్ నిబంధన రాసింది విమాన సంస్థల కోసం. ఇద్దరు కూర్చునే సెస్నా శిక్షణ విమానంలో ఇన్‌స్ట్రక్టర్ మౌనంగా ఉంటే పాఠం సాగదు. అతను మాట్లాడాలి, తప్పు దిద్దాలి, ఒక్కోసారి కావాలనే ఇంజన్ పవర్ తగ్గించి "ఇప్పుడు ఇంజన్ ఆగిపోయింది, ఏం చేస్తావు?" అనాలి. పెద్ద విమానంలో బయటి నుంచి చొరబడే ఆటంకం ఇక్కడ పాఠంలోనే భాగం. నిశ్శబ్దమే మందు అని పెద్ద విమానాల నుంచి నేర్చుకున్న పాఠాన్ని యథాతథంగా తెచ్చి చిన్న విమానంలో పెట్టబోయినవాళ్ళంతా ఈ చోటే తడబడ్డారని నా అభిప్రాయం.

తడబాటుకు శిక్ష ఎంత త్వరగా పడుతుందో తెలియాలంటే కొన్ని అంకెలు చూడాలి. రెక్క మీదుగా గాలి అంటిపెట్టుకుని ప్రవహించినంతసేపే అది బరువు మోస్తుంది. ముక్కు మరీ పైకెత్తితే, వేగం మరీ తగ్గితే, గాలి విడిపోతుంది. దాన్నే స్టాల్ అంటారు. ఇంజన్ ఆగడంతో దానికి సంబంధం లేదు, మన పత్రికలు తరచు రెండూ కలిపేస్తాయి. శిక్షణ కేంద్రాల్లో బాగా కనపడే సెస్నా 172ఎస్, రెక్కల వెనక అంచు పలకలైన ఫ్లాప్స్ దించకుండా, ఒరగకుండా ఎగురుతుంటే 48 నాట్ల దగ్గర, అంటే గంటకు సుమారు 89 కిలోమీటర్ల దగ్గర, స్టాల్ అవుతుంది. అదే విమానం ఎత్తు తగ్గకుండా 45 డిగ్రీలు ఒరిగి మలుపు తిరిగితే ఆ అంకె 57కి, 60 డిగ్రీలు ఒరిగితే 68కి పెరుగుతుంది. దిగడానికి వచ్చే విమానం వేగం అరవై చిల్లర ఉంటుంది. దిగే ముందు చివరి మలుపులో, నేలకు కొన్ని వందల అడుగుల ఎత్తులో, ఒక పైలట్ చేతిలో ఉన్న మిగులు ఇంతే. మలుపు దాటిపోతోందని గాభరాపడి పాదంతో రడ్డర్ తొక్కాడా, స్టాల్ కాస్తా స్పిన్ అవుతుంది, విమానం గిరగిరా తిరుగుతూ కిందకి పడుతుంది. మూడు వేల అడుగుల మీద దాన్నుంచి తేరుకోవడం నేర్పగలరు. అయిదు వందల అడుగుల దగ్గర నేర్చుకున్నది ఉపయోగించడానికి చోటుండదు.

1949లోనే అమెరికా ప్రైవేటు లైసెన్సు పరీక్ష నుంచి స్పిన్ విన్యాసాన్ని తీసేశారు. పడ్డాక లేవడం కన్నా పడకుండా చూసుకోవడం నేర్పాలన్నది ఆలోచన. అయితే పడకుండా చూసుకోవడం అన్నప్పుడు ఒక చిక్కుంది. ఇన్‌స్ట్రక్టర్ "ఇప్పుడు స్టాల్ చేద్దాం" అని చెప్పి చేయించే స్టాల్‌ను విద్యార్థి కళ్ళన్నీ వేగం ముల్లు మీదే పెట్టుకుని ఎదుర్కొంటాడు. అసలుది చెప్పి రాదు. ఇంకేదో పనిలో ఉన్నప్పుడు వస్తుంది. డెబ్బైల నాటి పరిశీలనలు ఈ సంగతే తేల్చాయి: వేగం చేజారేది ఎక్కువగా పైలట్ వేరే పనిలో ఉన్నప్పుడే. స్టాల్ ఒక్కటే నేర్పితే చాలదు, ఇంకో పని చేస్తూ స్టాల్‌కు దూరంగా ఉండడం నేర్పాలి. పెన్సిల్ అలా పుట్టింది.

ఇక నా దృష్టిలో ఈ మొత్తం సాహిత్యంలో అన్నిటికన్నా నిదానంగా చదవాల్సిన ఘటన ఇంగ్లండ్‌లోని సౌతెండ్‌ది. 2006 జులై 19. పదహారేళ్ళ కుర్రాడు సెస్నా 150లో రెండోసారి ఒంటరిగా ఎగిరాడు. తెలిసిన సర్క్యూట్ (రన్‌వే చుట్టూ తిరిగొచ్చే దారి), తెలిసిన రన్‌వే, దిగడానికి దాని వైపు వస్తున్నాడు. వెనక నుంచి అతనికన్నా చాలా వేగంగా మరో విమానం వస్తోంది. రెంటికీ మధ్య దూరం చాలదని కంట్రోలరు కుర్రాణ్ణి దిగవద్దని, పక్కకు మళ్ళమని చెప్పాడు. అనుభవమున్న పైలట్‌కు అది పూట గడిచేలోపు మరిచిపోయే సూచన. ఈ కుర్రాడికి సర్క్యూట్ అంటే కంఠతా పట్టిన పద్యం లాంటిది, మధ్యలో పాదం మార్చమంటే ఎలాగో ఎవరూ నేర్పలేదు. తక్కువ ఎత్తులో, తక్కువ వేగంలో తిరుగుతున్న విమానం స్టాల్ అయి పడిపోయింది. అతనికి నేర్పని పని అతనికి అప్పజెప్పారన్నది బ్రిటన్ ప్రమాద దర్యాప్తు సంస్థ తేల్చిన సారాంశం.

ఆ కుర్రాడు ఏ తప్పూ చెయ్యలేదు. ఫోన్ చూడలేదు, కబుర్లాడలేదు. పెద్దవాళ్ళు చెప్పిన మాట శ్రద్ధగా విన్నాడు, వినడానికే అతని దగ్గరున్న శ్రద్ధంతా ఖర్చయిపోయింది. ఆ తరవాత బ్రిటన్‌లో ఒంటరిగా ఎగిరే విద్యార్థులు రేడియోలో తమ పిలుపు పేరుకు ముందు 'స్టూడెంట్' అని చేర్చే పద్ధతి వచ్చింది. మన రోడ్ల మీద నేర్చుకునేవాళ్ళ కారుకు ఎర్రటి ఎల్ అక్షరం కడతామే, గాల్లో దానికి సమానం. కంట్రోలరు ఆ ఒక్క మాట వింటే సూచన కుదిస్తాడు, నిదానంగా చెప్తాడు, కుదిరితే వెనకవాణ్ణే తప్పిస్తాడు. ఈ అంశం మీద వచ్చిన దిద్దుబాట్లన్నిట్లో నాకు బాగా నచ్చింది ఇదే. ఇది విద్యార్థిని ఇంకా జాగ్రత్తగా ఉండమనలేదు, అతని మీద పడే బరువు తగ్గించమంది.

తెలుగు పిల్లల విషయంలో ఆ బరువు మీద ఇంకో పొర ఉంటుంది. రేడియో భాష ఇంగ్లీషు. గుంటూరులోనో కరీంనగర్‌లోనో చదువుకుని ఫ్లోరిడాకో టెక్సస్‌కో శిక్షణకు వెళ్ళిన విద్యార్థి తొలి వారాల్లో అక్కడి యాసలో గుక్కతిప్పుకోకుండా వచ్చే సూచనను విని, మనసులో విడదీసి, తిరిగి చెప్పి, అప్పుడు చెయ్యాలి. ఆ రెండు మూడు క్షణాలు విమానం ఎవరి కోసమూ ఆగదు. అర్థం కాకపోతే "సే అగైన్" అనడానికి మొహమాటపడేవాళ్ళు మనలో ఎక్కువ. పెద్దవాళ్ళను రెండోసారి అడగడం మన ఇళ్ళలో, బళ్ళలో అలవాటు లేని పని.

ఇన్‌స్ట్రక్టర్ పక్కనుంటే ఈ బాధ తీరిపోతుందా అంటే, అతని వల్ల వచ్చే ఇక్కట్లు వేరు. పాఠాలు చెప్పడానికి కాక్‌పిట్ అంత పనికిమాలిన తరగతిగది ఇంకోటి లేదని ఇన్‌స్ట్రక్టర్లే అంటారు. రొద, ఉక్క, కుదుపు, పైగా తప్పు చేస్తున్నామన్న భయం. స్టీరింగు గట్టిగా బిగించి పట్టుకున్న విద్యార్థికి చెవుల్లో పడే మాట మెదడుకు చేరదు. చేరలేదని ఇన్‌స్ట్రక్టర్ ఇంకా గట్టిగా చెప్తాడు. వివరణ రుచిగా సాగుతున్నప్పుడు విమానం ఎవరు నడుపుతున్నారో ఇద్దరిలో ఎవరికీ తెలియని క్షణాలు వస్తాయి. అందుకే "ఐ హ్యావ్ కంట్రోల్స్", "యు హ్యావ్ కంట్రోల్స్" అని చేతులు మారిన ప్రతిసారీ బయటికి అనుకోవడం. బయటివాళ్ళకు అది ఆచారంలా కనిపిస్తుంది. 1994 మార్చి 8న ఢిల్లీలో సహారా సంస్థ బోయింగ్ 737 శిక్షణలో ఉండగా ఇంజన్ వైఫల్యం అభ్యాసంలో విద్యార్థి తప్పు వైపు రడ్డర్ తొక్కాడు. ఇన్‌స్ట్రక్టర్ పాదం దాన్ని కాచుకుని లేదు, స్పష్టమైన ఆదేశమూ రాలేదు. విమానం పార్కింగ్‌లో ఉన్న ఏరోఫ్లోట్ విమానం మీద పడింది, 9 మంది పోయారు. చిన్న విమానం కాకపోయినా ఆ ప్రమాదం పూర్తిగా తరగతిగది ప్రమాదమే.

2023 సెప్టెంబరులో అమెరికాలోని కెంటకీలో రాత్రి శిక్షణకు వెళ్ళిన పైపర్ విమానం ఉరుముల మబ్బుల్లో చిక్కి ముక్కలై ఇన్‌స్ట్రక్టర్, విద్యార్థి ఇద్దరూ చనిపోయారు. విద్యార్థి నిదానాన్ని ఎగతాళి చేస్తూ ఇన్‌స్ట్రక్టర్ ఫోనులో పెట్టిన వీడియోలు తరవాత బయటపడ్డాయి. ముంచింది వాతావరణం. కాకపోతే దూరంగా మెరుపులు కమ్ముకొస్తున్న రాత్రి గురువు చూపు ఎక్కడుందో ఆ వీడియోలు చెప్పకనే చెప్పాయి.

ఫోన్ల గురించి ఎక్కువ చెప్పను, చెప్పాల్సిన దానికన్నా ఎక్కువే చెప్పారు అందరూ. 2014 మే 31న కొలరాడోలో రాత్రిపూట తక్కువ ఎత్తులో సెస్నా 150 కూలి పైలట్, ప్రయాణికుడు చనిపోయారు. శిథిలాల్లో దొరికిన చిన్న కెమెరాలో అంతకు ముందరి ప్రయాణాలు రికార్డయి ఉన్నాయి: విమానం పైకి లేస్తుండగా సెల్ఫీలు, ఫోన్ ఫ్లాష్‌తో కాక్‌పిట్ అంతా వెలుగు. చీకటికి అలవాటుపడిన కళ్ళకు అది ఎంత చేటో రాత్రి బండి నడిపినవాళ్ళకు తెలుసు. చీకట్లో, మబ్బుల్లో దిశ తెలియక అదుపు తప్పిందని, ఫోన్ వాడకం దానికి తోడయిందని దర్యాప్తు తేల్చింది. ప్రపంచమంతా 'సెల్ఫీ ప్రమాదం' అని రాసింది. ఈ శీర్షికతో నాకున్న పేచీ ఏమిటంటే, ఇది చదివినవాడు "నేను సెల్ఫీలు దిగను కదా" అని తేలిగ్గా ఊపిరి పీల్చుకుంటాడు. సౌతెండ్ కుర్రాడూ దిగలేదు.

ఫోన్ అక్కర్లేని ఆటంకం కావాలంటే తలుపు సంగతి చూడండి. చిన్న విమానాల్లో గడియ సరిగ్గా పడక తలుపు గాల్లో తెరుచుకోవడం అరుదేమీ కాదు. పెద్ద చప్పుడు, గాలి హోరు, కాగితాలు ఎగిరిపోవడం. చూస్తే ప్రాణం పోయినట్టుంటుంది కానీ గాలి ఒత్తిడికి తలుపు కొద్దిగా తెరుచుకుని అలాగే నిలుస్తుంది, విమానం మామూలుగానే ఎగురుతుంది. తలుపు తెరుచుకోవడం కన్నా దానికి పైలట్ స్పందించే తీరే ప్రమాదమని ఎఫ్ఏఏ పాఠ్యగ్రంథం కుండబద్దలు కొట్టినట్టు రాసింది. ఒక చేత్తో తలుపు లాక్కుంటూ, ఒరిగిపోతూ, ఇంకో చెయ్యి కంట్రోల్ మీద ఉందన్న సంగతి మరిచిపోయి నేలకు చేరినవాళ్ళున్నారు. అలా తెరుచుకున్న తలుపుతోనే ఒక రౌండు తిరిగొచ్చి దిగేస్తే చాలు. తెరిచి ఉన్న తలుపును చూస్తూ ఊరుకోలేకపోవడం, కొత్త గృహస్థుడు కారుతున్న కుళాయి పక్కన కూర్చుని భోంచెయ్యలేకపోవడం లాంటిదే.

ఇంత చెప్పుకున్నాక ఒక ఇబ్బంది ఒప్పుకోవాలి. ఇలాంటి ప్రమాదాలు మొత్తం ఎన్ని అన్న ప్రశ్నకు నమ్మదగిన అంకె రావడం కష్టం. పెద్ద విమానాల్లో లాగా శిక్షణ విమానాల్లో సాధారణంగా మాటలు నమోదు చేసే పెట్టె ఉండదు. దర్యాప్తు అధికారికి రెక్క ముక్కలు దొరుకుతాయి, ఫ్లాప్స్ ఎంత దిగి ఉన్నాయో దొరుకుతుంది. ఆఖరి పది సెకన్లలో పైలట్ ఏం చూస్తున్నాడో దొరకదు. అందుకే నివేదికలో 'అదుపు తప్పడం' అని పడుతుంది. తప్పి బతికి బయటపడ్డవాళ్ళ సాక్ష్యమే మిగిలిన ఆధారం. 1976లో నాసా మొదలుపెట్టిన గోప్య నివేదికల వ్యవస్థ విలువ అక్కడుంది. పైలట్లు తమ పొరపాట్లు తామే రాసి పంపుతారు. 1998లో పరిశోధకులు కీ డిస్ముక్స్, గ్రాంట్ యంగ్, రాబర్ట్ సమ్‌వాల్ట్ అలాంటి 107 నివేదికలు ముందేసుకుని, పైలట్లను అసలు పని నుంచి లాక్కున్నవేమిటో వర్గాలుగా విడదీశారు: మాటలు, తలవంచి చేసే పనులు, బయట ఇతర విమానాల కోసం వెతకడం, ఏదో తేడా వచ్చిందని దాని వెంట పడడం. వీటిలో ఒక్కటీ సోమరితనం కాదు.

మన దగ్గర ఈ సాక్ష్యం ఇంకా పలచన. 2019 అక్టోబరులో వికారాబాద్ జిల్లా సుల్తాన్‌పూర్ దగ్గర ఇద్దరు శిక్షణార్థులు, 2022 ఫిబ్రవరిలో నల్గొండ జిల్లా పెద్దవూర మండలంలో ఒంటరిగా ఎగురుతున్న యువతి, 2023 డిసెంబరులో మెదక్ జిల్లా తూప్రాన్ దగ్గర దుండిగల్ వైమానిక అకాడమీ గురుశిష్యులు చనిపోయారు. వీటిని ధ్యాస ప్రమాదాలుగా నేను లెక్కగట్టడం లేదు. చెప్పదలచింది వార్తల తీరు గురించి. పొలంలో పడున్న తోక ఫొటో, పొగ, పక్క ఊరి రైతు మాట, చివర్లో 'సాంకేతిక లోపమే కారణమా?' అన్న ప్రశ్నార్థకం. ఏడాదో రెండేళ్ళో గడిచాక దర్యాప్తు నివేదిక వచ్చిన రోజున పత్రికలో దానికి నాలుగు లైన్లు కూడా దొరకవు. శిక్షణలో ఉన్న మరో వందమంది పిల్లలకు పనికొచ్చేది ఆ నివేదికే.

మళ్ళీ అవధాని దగ్గరికి వస్తాను. అవధాని ఎనిమిది పనులు ఒకేసారి చేస్తాడని మనం గర్వంగా చెప్పుకుంటాం. దగ్గరగా చూస్తే ఆయన ఒక్క క్షణంలో ఒక్క పనే చేస్తాడు. ఒక పాదం చెప్పి, దాన్ని అక్కడే ముడివేసి, తరవాతి పృచ్ఛకుడి వైపు తిరుగుతాడు. ప్రతిభంతా ఆ ముడిలో ఉంది. డిస్ముక్స్ మరో ఇద్దరితో కలిసి 2009లో రాసిన కాక్‌పిట్ పరిశోధనా గ్రంథానికి 'మల్టీటాస్కింగ్ మిథ్' అని పేరు పెట్టారు. మనిషి ఒకేసారి పలు పనులు చెయ్యడన్నది దాని పేరులోనే ఉంది. ఆటంకం రాగానే దాన్ని ఆటంకంగా గుర్తించు, నేను ఇప్పుడు ఏం చేస్తున్నానని అడుగు, ఎక్కడ మళ్ళీ మొదలుపెట్టాలో తేల్చుకో, అప్పుడు చెయ్యి అన్నది ఆ పరిశోధకులు నేర్పిన వరుస. అంతకు ముందే పైలట్ల నోట ఉన్న పాత సూత్రం ఇంకా పొట్టిది: ముందు విమానం నడుపు, తరవాత దారి చూసుకో, ఆ తరవాతే మాట్లాడు. కంట్రోలర్లను కాసేపు ఆగమనడం తప్పు కాదు. "స్టాండ్ బై" అనే రెండు మాటలు అందుకే ఉన్నాయి.

పెన్సిల్ ప్రశ్నకు పరీక్షలో నెగ్గే జవాబులు రెండున్నాయి. "కాసేపాగండి" అనడం ఒకటి. రెండోది, ముందు ముక్కు కాస్త దించి, వేగం కూడగట్టి, ట్రిమ్ సర్ది, విమానం దానంతటది నిలబడ్డాక చూడకుండా చేత్తో తడిమి తియ్యడం. చెక్‌లిస్టు చదువుతుండగా రేడియో పిలిస్తే ఏం చెయ్యాలన్నదానికి మంచి ఇన్‌స్ట్రక్టర్లు నేర్పేది ఇంకా మోటుగా ఉంటుంది, ఏ పరికరమూ అక్కర్లేదు. ఆగిన వరుస మీద బొటనవేలు నొక్కి పెట్టుకోవాలి. రేడియోకి జవాబు చెప్పి, చూపు ఆ వేలు దగ్గరికి తెచ్చుకోవాలి. వేలు జారిపోయిందా, మొదటి వరుస నుంచి మళ్ళీ చదవాలి.